మూడో చెయ్యి

పుంగనూరు సంతలో మేకల దళారి మునిశేఖర్ మొదటిసారి ఆవు బేరానికి దిగాడు. నేర్పమని అడిగితే పెద్ద దళారి నల్లప్ప వచ్చి పక్కన నిలబడ్డాడు. తనకు నేర్పడం వచ్చో రాదో ఆయనకే తెలియదు.

మునిశేఖర్, ఆవును అమ్మే చెంగయ్య పక్కవాళ్ళకు తెలియకుండా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటున్నారు. చెంగయ్య మొహం చిట్లించాడు.

"ఏందప్పా ఇది? ఒక చెయ్యి ఒక ధర చెప్తాండాది, ఇంగొక చెయ్యి ఇంగొకటి చెప్తాండాది. నాదొకటి, పిలగాడిదొకటి. ఈ మూడోది ఎవురిది?"

"నాదే" అన్నాడు నల్లప్ప. ఎప్పుడు పెట్టాడో ఆయన చూసుకోలేదు.

"బేరం నీదా, ఆ పిలగాడిదా?"

నల్లప్ప చెయ్యి తీసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

బేరం కుదిరింది. ఎంతకో అడగబోయి నల్లప్ప ఊరుకున్నాడు.

"వచ్చే సంతకు వస్తావా మామా?" అన్నాడు మునిశేఖర్.

"వస్తా. దూరంగా నిలబడతా."

"మరీ దూరం వద్దు మామా. నాకు కనపడే మాదిరి నిలబడు."