సెలవుల్లో ఉచితం

“ఈ పిల్లను కన్నవాళ్లెవరు? ముందు వాళ్లను జైల్లో పెట్టాలి!”

రేఖ గొంతుకు హాలంతా తిరిగి చూసింది. చూసి, మళ్లీ అద్దాల పెట్టెల మీదికి వంగింది.

మాదాపూర్‌లో ఒక పెద్ద ఆఫీసు భవనం కింది అంతస్తులో కొత్తగా తెరిచిన అలంకార కళల మ్యూజియం అది. చిన్నదే. నవాబుల నాటి పాన్‌దాన్లు, అత్తరు సీసాలు, బిద్రీ హుక్కాలు, వెండితీగ పెట్టెలు. ఒక్కో వస్తువుకు ఒక్కో దీపం, మూలమూలకూ కెమెరా. దసరా సెలవుల్లో పిల్లలకు టికెట్ లేదని వాకిట్లో బోర్డు.

రేఖ ఉండేది కొండాపూర్‌లో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బడికి సెలవులు, డేకేర్‌కీ సెలవులే. చేసేది లేక లీవు పెట్టి కూతురు పింకీని ఇక్కడికి తీసుకొచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఆ పిల్లను చూస్తోంది. ఆరేళ్లుంటాయేమో. నూనె పెట్టి బిగించిన రెండు జడలు. సెలవుల్లో కూడా బడి గౌనే. పక్కన పెద్దవాళ్లెవరూ లేరు.

అడిగితే పేరు చెప్పలేదు.

“మీ అమ్మేదీ?”

“పనికి పోయింది.”

“ఎక్కడికి?”

పిల్ల హుక్కా వైపు తల తిప్పేసుకుంది. అప్పుడే రేఖ ఆ కేక పెట్టింది.

“నాకూ పిల్లుంది. నేను గాలికొదిలేశానా?” అంది ఇంకా కోపం చల్లారక.

పక్కనే నేల తుడుస్తున్న హౌస్‌కీపింగ్ మనిషి తలెత్తలేదు. మాప్ కర్రను ఇంకాస్త గట్టిగా తోసింది. నీలం కోటు మీద పేరు బిళ్ల. రజిత.

పిల్లకు ఏం తోచిందో ఆ రజిత వెనకే తిరగడం మొదలుపెట్టింది.

“నా ఎంబడి రాకు. అవుతల జరుగు,” అని కసిరింది రజిత.

పింకీ జాలిపడి తన బిస్కెట్ పాకెట్టు ఆ పిల్లకిచ్చింది. పిల్ల దాన్ని విప్పకముందే రజిత లాక్కుంది. “ఈడ తినొద్దు. నేల ఖరాబైతది.” పాకెట్టు తన జేబులో వేసుకుంది.

అది చూశాక రేఖ ఊరుకోలేకపోయింది. నేరుగా సూపర్‌వైజర్ దినేశ్ దగ్గరికి పోయింది. “ఏంటండీ మీ మనిషి? చిన్నపిల్ల దగ్గర తిండి లాక్కుంటుందా?”

“కంట్రాక్టు వాళ్లు మేడం, గందుకే టైట్ పెడతం. డ్యూటీల ఫోన్ లేదు, కూసునుడు లేదు, ఇంటోళ్లు వచ్చుడు లేదు. జర ఎక్కువ తక్కువ జేస్తే చెప్పుండ్రి, అటే పంపిస్త.”

ఈ మాటలు నడుస్తుండగానే పిల్ల రజిత కోటు పట్టుకుని గుంజింది. “ఒంటికొస్తుంది.”

రజిత దినేశ్ వైపు చూసింది. అతను ఇటే చూస్తున్నాడు.

“నన్నెందుకు అడుగుతవ్? గా మూలకుంది, పో!” అని చెయ్యి విదిలించుకుంది.

పిల్ల పోలేదు. భయపడి అక్కడే నిలబడిపోయింది. నిలబడే గౌను తడిపేసుకుంది.

“అరె, ఎవరి పిల్ల ఇది?” దినేశ్ ఉరికొచ్చాడు.

“నాకేం తెల్సు సార్.”

రజిత మోకాళ్ల మీద కూర్చుని తుడిచింది. నేలే తుడిచింది. పిల్ల కాళ్లు తుడవలేదు.

రేఖకు ఒళ్లు మండిపోయింది. “ఆ నేల రాళ్లకున్న విలువ పిల్లకు లేదా? మనిషివేనా నువ్వు? నీకు పిల్లల్లేరా?”

రజిత గుడ్డ మడిచి, తుడిచినచోటే మళ్లీ తుడిచింది.

రేఖ ఫోన్ తీసి ఫొటో కొట్టింది. మ్యూజియానికి ఒకే ఒక్క నక్షత్రం రేటింగు పెట్టి, కింద జరిగిందంతా రాసి, పంపే ముందు దినేశ్ ముఖం మీదికి పట్టింది. ఈ ఊళ్లో మనిషి మొర ఎవడూ వినడు. నక్షత్రం తగ్గితే మాత్రం పై అంతస్తుల్లో వాళ్లకు నిద్ర పట్టదు. దినేశ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“కాల్మొక్త మేడం,” రజిత నేల మీదినుంచి లేవకుండానే దండం పెట్టింది. “తప్పయింది. పండుగ ముందట పని పోతే ఎట్ల బతకాలె?”

“నాక్కాదు. ఆ పిల్లకు చెప్పు.”

రజిత పిల్ల వైపు తిరిగింది. “తప్పయింది బిడ్డా.” పిల్ల ఆమెను చూడనైనా చూడలేదు.

“దండాలతో సరిపోదు,” అంది రేఖ. “ఇట్లాంటి మనిషి పిల్లలొచ్చే చోట ఉండకూడదు. ఇప్పుడే, నా కళ్ల ముందే తీసెయ్యండి.”

తీసేశారు. ఏజెన్సీకి ఒక్క ఫోను, అంతే. కోటు విప్పించారు. పేరు బిళ్ల గుంజుకున్నారు. రజిత ఇంకోసారి బతిమాలలేదు. వెనక తలుపులోంచి వెళ్లిపోయింది.

రేఖ ఊపిరి పీల్చుకుంది. ఇన్నాళ్లకు ఒక్క పిల్ల తరఫునైనా ఒకరు గట్టిగా నిలబడ్డారు, అనుకుంది. పిల్ల కోసం తిరిగి చూస్తే ఎక్కడా లేదు. పింకీ చెయ్యి పట్టుకుని బయటికి పరుగెత్తింది.

గేటు అవతల, మెట్రో స్తంభం నీడలో రజిత నిలబడి ఉంది. ఎటు పోవాలో తెలియనట్టు రోడ్డు వైపు చూస్తోంది. తడిగౌనుతో పిల్ల ఆమె వైపే నడుస్తోంది.

“అటు పోకమ్మా!” అని అరవబోయింది రేఖ.

పిల్ల కొంచెం దూరంలోనే ఆగింది. దినేశ్ వస్తున్నాడేమోనని గేటు వైపు ఒకసారి తిరిగి చూసింది. ఎవరూ రావడం లేదు. అప్పుడు మెల్లగా అడిగింది.

“ఇగ నిన్ను అమ్మా అని పిలువొచ్చా?”