ఖాళీ తొర్ర

ఏటి ఇసుకలో చెలమ ఒక్కటే. ఇద్దరు దిగితే అంచు విరిగి నీళ్లు బురదైపోతాయి. అందుకని నక్కమామ కట్టడి చేశాడు: వరసలో వచ్చి, ఒడ్డునున్న చింతచెట్టు తొర్రలోని చింతపిక్క తీసుకున్నవాళ్లే దిగాలి, తాగాక మళ్లీ అక్కడే పెట్టాలి.

తెల్లారేసరికి అడవంతా వరస కట్టింది. అందరికంటే ముందు ముంగిసమ్మ. చంకలో పిల్ల దాహంతో నాలుక వేలాడేసింది. తొర్ర చూస్తే ఖాళీ.

"తాగినవాళ్లు తెచ్చి పెడతారు, ఆగవే!" అన్నాడు నక్కమామ.

"ఎవరు తాగారు మామా?"

"ఇంకా ఎవరూ తాగలేదు."

"మరి తెచ్చేదెవరు, మీ తాతా? మొదటి పిక్క పెట్టావా అసలు?"

నక్కమామ తొర్రలోకి తొంగిచూశాడు. "అయితే పది పెట్టేద్దాం!"

"చెలమలో పదిమంది పడతారా?" ముంగిసమ్మ చెట్టు కింద ఒక్క పిక్క ఏరి తొర్రలో వేసింది. దాన్నే తీసుకుని పిల్లను చంకనేసుకుని దిగింది.

పిల్ల కడుపారా తాగింది. పిక్క తిరిగి తొర్ర చేరగానే నక్కమామ చెయ్యి చాచాడు.

"కట్టడి నీదేగా మామా," అంది ముంగిసమ్మ, "వరస చివరికి నడు!"