ఎదుటి కుర్చీకి మక్కొల్లి

“చేపల పులుసులోకి మక్కొల్లా? ఎవరైనా వింటే నవ్విపోతారు తాతా!”

మల్సుక్ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. రేవు పక్కన పులుసు కొట్టు ఆమెదే. ఏ వంటకంలోకి ఏ మందో ఆమె చెప్పాల్సిందే, వచ్చినవాళ్ళు తాగాల్సిందే.

“పులుసులోకి ఘాటైన సోజు. వానపడితే ఉల్లికాడల అట్టులోకి ఆ తెల్ల బియ్యపుకల్లు మక్కొల్లి. మీరీ ఊరివాళ్ళు కారా ఏం?”

“ఒకప్పుడు ఇక్కడివాణ్ణేనమ్మా,” అన్నాడు ముసలాయన. “మక్కొల్లే ఇవ్వు. గిన్నెలు రెండు.”

పక్కబల్ల దగ్గరున్న చేపల బేరగాడు చాంగ్‌గూ కిసుక్కున నవ్వాడు. “రెండోది ఎవరికి తాతా? ప్రియురాలికా?”

మల్సుక్‌కి అసలే తొందర. ఆ రోజు నాన్న తద్దినం. ఆమె కడుపులో ఉండగానే పడవ మునిగి పోయాడాయన. పెందలాడే కొట్టు కట్టేసి అమ్మ దగ్గరికి వెళ్ళాలి.

సీసా, గిన్నెలు ఠపీమని బల్లమీద పెట్టింది. ముసలాయన ఒక గిన్నెను ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ ముందుకు జరిపాడు. ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు.

“ఇంకేం కావాలి?”

“అమ్మాయ్... ఆ గిన్నెలోకి నీ చేత్తో కాస్త పోస్తావా?”

తింటున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. కొట్టు నడుపుకునే ఆడదాన్ని పట్టుకుని మందు పొయ్యమంటాడా!

మల్సుక్‌కి ఒళ్ళు మండిపోయింది. “ఏమనుకుంటున్నావయ్యా నన్ను? వండి పెడతాను గానీ, మగాళ్ళ పక్కన చేరి మందు పోసేదాన్ని కాను. కాటికి కాళ్ళు చాపుకున్నా బుద్ధి రాలేదా?”

“తప్పుగా అనుకోకమ్మా. నాక్కాదు, ఆయనకి. ఒక్క చుక్క...”

“ఏ ఆయన? ఆ కుర్చీలో దెయ్యం కూర్చుందా? లే, బయటికి నడు!”

సీసా లాక్కుని మక్కొల్లి మొత్తం తూములో ఒంపేసింది. చాంగ్‌గూ చప్పట్లు కొట్టాడు.

ముసలాయన లేచాడు. అందాకా జేబులోనే ఉన్న కుడిచెయ్యి బయటికి తీశాడు. బొటనవేలు తప్ప వేళ్ళు లేవు. ఖాళీ కుర్చీకి ఓసారి, ఆమెకు ఓసారి వంగి నమస్కరించి వెళ్ళిపోయాడు.

మల్సుక్ మనసు చివుక్కుమంది. అయినా వెనక్కి పిలవలేదు.

పొద్దుగూకేసరికి అమ్మ ఇంట్లో తద్దినం బల్ల సిద్ధమైంది. మల్సుక్ రెండు చేతులా తేట మందు పోస్తుంటే అమ్మ నిట్టూర్చింది.

“పద్ధతని ఇది పెడుతున్నాం గానీ, మీ నాన్నకి ఇది సయించేదే కాదు. పడవ దిగ్గానే చేపల పులుసు, మక్కొల్లి. ఊరంతా ఎగతాళి చేసేదనుకో.”

మల్సుక్ సీసా కింద పెట్టేసింది. జరిగిందంతా చెప్పేసింది.

“కుడిచేతికి వేళ్ళున్నాయా?” అంది అమ్మ.

“లేవు.”

“అయ్యో, పరుగెత్తవే!”

మల్సుక్ ఒట్టికాళ్ళతో బస్‌స్టాండ్‌కి పరుగెత్తింది. ఆ ముసలాయన ఎప్పుడో బస్సెక్కాడన్నారు. నాన్న కోసం అడిగినదాన్ని నా చేత్తోనే తూముపాలు చేశానే అని నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి అమ్మ అలాగే కూర్చుని ఉంది.

“ముందు పాపం నాదేనే. మీ నాన్న పోయిన రోజు అతని మీద విరుచుకుపడ్డాను. ‘నువ్వెందుకు బతికొచ్చావు? నా గడప తొక్కకు’ అన్నాను. ఆ మాటకి కట్టుబడి ఈ ఇంటికి రాలేదు. నీ చేత్తో మీ నాన్నకి పోయిద్దామని నీ కొట్టుకొచ్చాడు.”

“ఎవరమ్మా అతను?”

అమ్మ కళ్ళు తుడుచుకుంది.

“ఆ పడవలో పోయినవాళ్ళలో సమాధి ఉన్నది మీ నాన్న ఒక్కడికే, గడ్డకట్టే నీళ్ళలో వేళ్ళు చచ్చుబడిపోతున్నా తెల్లవార్లూ ఆయన చొక్కా వదలకుండా పట్టుకుని, శవాన్నైనా నాకు తెచ్చిచ్చినవాడే అతను.”