శ్రీపతి సాక్ష్యం

“గుండె జబ్బని రాయుండ్రి డాక్టరమ్మా. గ్యాస్ గీస్ అని రాయకుండ్రి” అన్నాడు శ్రీపతి, కుర్చీలో కాలు ఊపుతూ.

సారమ్మకు ఒళ్లు మండిపోయింది. మిర్యాలగూడలో బాయిల్డ్ రైస్ మిల్లు శ్రీపతిది. వడ్లు నానబెట్టిన నీళ్లు నిలిచి కుళ్లే గుంతను కడగమని, పొద్దున ఆమె భర్త ఏసుపాదాన్ని అందులోకి దింపాడు. పైకి తీసేసరికి మనిషికి సోయి లేదు. ఇప్పుడు లోపల మంచం మీద ఉన్నాడు. నాడి నలభై దాటడం లేదు.

“నిన్నటిదాంక బస్తాలు మోసిన మనిషికి జబ్బా సేటూ? గా మాటన్న నోట్ల మన్నువడ!”

సంచిలోంచి నీళ్ల సీసా తీసి బల్ల మీద టప్పున పెట్టింది. కోదాడ నుంచి వచ్చి ఇక్కడ పనిచేసే డాక్టర్ అరుణ దాని మూత తీసింది కానీ తాగలేదు.

“ఆ గుంతలో గ్యాస్ పీలిస్తేనే గుండె ఇలా నెమ్మదిస్తుందండీ” అంది.

“గుంత మూపియ్యమని రాయుండ్రి మేడం. లేకుంటే రేపు ఇంకో కూలి పెంటయ్యను దింపుతడు” అంది సారమ్మ.

“దింపుత! కడగకుంటే మిల్లు ఎట్ల నడుస్తది?” శ్రీపతి గొంతు పెంచాడు. “గా గుంత పక్కన్నే నా కుర్చీ. పొద్దుందాక గాడనే కూసుంట. నాకేమైంది?”

ఎంత సిగ్గులేని మాట! సారమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నర్సు లత విసురుగా వెళ్లి కిటికీలు తెరిచింది.

“ఇగ ఏడుపు షురూ చేసింది” అని వెక్కిరించాడు శ్రీపతి.

అరుణ మాస్కు పైకి లాక్కుని, అతని మణికట్టు పట్టుకుంది. గడియారం చూస్తూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

“మీ నాడీ నెమ్మదిగానే ఉంది.”

“గట్టి గుండె మేడం. ఆగమాగం కాదు.”

“కళ్లు తిరుగుతాయా?”

“మెట్లెక్కితే జర. షుగరనుకున్న.”

“గుంత దగ్గర కుళ్లిన గుడ్ల వాసన రాదా?”

“మొదట్ల వచ్చేది. ఇప్పుడు అసలే రాదు. గ్యాస్ ఉంటే వాసన రావాలె కద!” బల్ల గుద్దాడు. “వాసన లేదని రాయుండ్రి. నేనే సాక్ష్యం!”

“ఈ గదిలో?”

“గీడ గూడ లేదు. దవాఖాన మంచిగ కడిగిచ్చిండ్రు.”

“రాస్తున్నాను. గుంత మూయించాలని, దానికి సాక్ష్యం మీరేనని” అంటూ అరుణ పెన్ను తీసింది. “ముందు మీరు ఏసుపాదం పక్క మంచం ఎక్కండి. ఆ గ్యాస్ ముక్కును కూడా చంపేస్తుంది.”

శ్రీపతి ముక్కు ఎగబీల్చి వాసన చూశాడు.

సీసాలో ఉన్నవి గుంత నీళ్లు.