పాముగారి స్నానం

ఏటా క్రిస్మస్ విందుకు ప్రాణంతో తెచ్చే చేపను చంపే పని నాదే. మా ఆయన జ్బినెక్‌ది జాలిగుండె. అలాంటివాడు పెంచుకుందామని పామును తెచ్చాడు. చచ్చిన ఎలుకలే తింటుందని ఏరికోరి కొన్నాడట! ఆ ఎలుకలు నా ఫ్రిజ్‌లో, కేకు పక్కన.

క్రిస్మస్ ముందురోజు పాము ఎలుకను ముట్టలేదు.

“కుబుసం ఊడట్లేదు, ఓలినా! గోరువెచ్చటి నీళ్లలో నానాలి. బాత్‌టబ్ కావాలి.”

“అందులో రాత్రి విందుకు తెచ్చిన చేప ఈదుతోంది. బకెట్ చాలదా?”

“అందులో ఒళ్లు చాపుకోలేదే, పాపం!”

“అయితే చేపను నువ్వే కొట్టు,” అంటూ సుత్తి చేతికిచ్చాను.

చేపను బకెట్‌లో వేసుకుని బయటికెళ్లాడు. ఇన్నాళ్లకు ధైర్యమొచ్చిందని మురిసిపోయాను.

ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చాడు. “వల్తావా నదిలో వదిలేశా. ఎలా ఈదుకుంటూ పోయిందో!”

టబ్‌లో నానాక పాముకు కుబుసం ఊడింది, ఆకలీ పుట్టింది. ఆ రాత్రి మేము ఉత్త బంగాళాదుంపల సలాడ్ తిన్నాం. పండగపూట మా ఇంట్లో నీచు ముట్టింది పాముగారొక్కరే.