నీసు వాసన

కృష్ణకాంత్ కూరగిన్నెను కాలితో తన్నాడు. చేప ముక్కలు మెట్ల మీదుగా వాకిట్లోకి జారాయి.

"మా ఇంట్ల నీసు వండొద్దని ముందే జెప్పిన" అన్నాడు.

పైగదిలో కిరాయికుండే శ్రీదేవి దొర్లిన గిన్నెను తీసి పక్కన పెట్టింది. ఆమె భువనగిరిలోనే ఓ దవాఖానలో నర్సు.

అది నేతకారుల వాడ. ఒకప్పుడు చెరువు అలుగు పారిందంటే ఇంటింటా చేపల పులుసు కుతకుతలాడేది. తక్కిన రోజుల్లో పప్పు, పచ్చిపులుసే. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, వాడ మొగదల చికెన్ దుకాణం ముందు జనం వరుస కడుతున్నారు. గురువు దగ్గర ఉపదేశం తీసుకున్న కృష్ణకాంత్‌కు ఆ వరుసను చూస్తేనే ఒళ్లు మండేది. తన ఇంట్లో కోడిగుడ్డు కూడా అడుగుపెట్టనిచ్చేవాడు కాదు.

ఆదివారాలు అతను సత్సంగానికి పోతే పొద్దుగూకాకే రావడం. ఆ రోజు మధ్యాహ్నమే తిరిగొచ్చాడు.

కింది గదిలో మంచం పట్టిన అతని తల్లి గోవిందమ్మ అంతా విన్నది. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"సామాను సదురుకోని పో. నీ అసొంటోళ్లకు జాగా ఇచ్చుడే నాది తప్పు."

శ్రీదేవి ముక్కలన్నీ ఏరి, నీళ్లు పోసి వాకిలి కడిగింది. గోవిందమ్మ గదివైపు ఒకసారి చూసింది. చీకటి పడకముందే ఇల్లు ఖాళీ చేసింది.

ఆనాటి నుంచి గోవిందమ్మ పళ్లెం పక్కకు నెట్టేయసాగింది. పప్పు వద్దంది, పాలు వద్దంది. కొడుకు గద్దించి అడిగితే గోడవైపు తిరిగి చెప్పింది.

"ఆ చాపలకూర నాకోసమే బిడ్డా. నువ్వు తిడ్తవని చెప్పొద్దన్న. నోటికి అదొక్కటే ఇతవైతుండె."

కృష్ణకాంత్‌కు శ్రీదేవి మీద కోపం రెట్టింపైంది. తాను వండుకున్నదాంట్లో నాలుగు ముక్కలు పెట్టి తల్లిని చెడగొట్టిందనుకున్నాడు. కానీ ముసలామె రోజురోజుకూ ఎండిపోతోంది. చివరికి అహం దిగమింగుకుని ఆ అమ్మాయిని వెతుక్కుంటూ బయల్దేరాడు.

ఆమె చేరిన ఇంటి ఓనరు రమ కోడికూరకు ఉల్లిగడ్డలు కోస్తోంది. శ్రీదేవి కొలువు కూడా మానేసి నిన్ననే ఊరు విడిచిందని, ఎటు పోయిందో తెలియదని చెప్పింది.

"ఎందుకు పోయింది?"

"మేం కూర వండితే చాలు, వాసనకు కక్కుకునేది అన్నా. నీసు వండని ఇల్లు ఈడ ఇంకోటి దొరకలే. పుట్టినకాడి నుంచి నీసు నోట్ల పెట్టలేదంట ఆ పిల్ల."