ఎవరి చెయ్యి

పక్షవాతం వచ్చాక పైడిరాజుకు ఎడమవైపు అన్నదే లేకుండా పోయింది. కళ్లు బాగానే ఉన్నాయనీ, మెదడే అటు పట్టించుకోవడం మానేసిందనీ డాక్టరు చెప్పాడు. కంచంలో కుడి సగం తిని, అన్నం చాల్లేదంటాడు. భార్య వరాలమ్మ కంచం తిప్పి పెడుతుంది.

ఒళ్లో పడి ఉన్న తన ఎడమ చేతిని చూపిస్తే "ఇదెవులిది?" అంటాడు. "నీదే" అని ప్రతిసారీ చెప్పమన్నాడు డాక్టరు. ఆసుపత్రి నుంచి జి.మాడుగుల తిరిగొచ్చిన ఇరవై రోజులుగా ఆమె చెబుతూనే ఉంది.

ఈ పొద్దున బట్టల కొట్టు తెరిచి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. తను అతనికి ఎడమవైపు నిలబడి చీరలు మడత పెడుతోంది. అతను కుడిచేత్తో తన ఎడమ చేతిని ఎత్తి పట్టుకున్నాడు.

"వరాలూ, నీ సెయ్యి ఇంత సల్లగుందేటే?"

"నీదే" అనబోయి, ఆమె చీర మడత ఆపింది.

"ఆ రోజు గజం బద్దతో కొట్టి ఇరగ్గొట్టీసేను. తప్పయిపోనాది." ఆ మణికట్టును బొటనవేలితో మెల్లగా నిమిరాడు. "ఇంకా నొప్పెడతందేటి?"

పదకొండేళ్లలో అతను ఆ మాట అడగడం ఇదే మొదలు. వరాలమ్మ వంకరగా అతుక్కున్న తన మణికట్టు చూసుకుంది. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు.

"నొప్పేటీ లేదు," అని, ఇంకో చీర అందుకుంది.